ధర్మవరం చెయ్యి, ఊదారంగు పురుగు

ఇప్పుడైతే పేరు తెలియని ప్రతిదానికీ ఫోనులో జవాబుంది. ఆకు ఫోటో తీస్తే చెట్టు పేరు చెబుతుంది, కూనిరాగం తీస్తే పాట పేరు చెబుతుంది. ఆ రోజుల్లో అట్లా కాదు. పేరు తెలియని ప్రాణి ఎదురైతే దాని ముందు కూర్చుని, దానికి రంగులు పూసి, తిండి పెట్టి, ఏం తింటుందో ఏం తినదో చూసి, బతిమాలి, బెదిరించి దాని నోటితోనే పేరు చెప్పించుకోవాలి. ఆ ప్రాణి కంటికి కనబడనిదైతే బతిమాలడం మరీ కష్టం. నా యవ్వనమంతా (యవ్వనమంటే మీరనుకునేది కాదు, అది నాకు దక్కలేదు) ఇట్లాంటి ప్రాణుల కాళ్ళు పట్టుకోవడంతోనే సరిపోయింది. వాటికి కాళ్ళు కూడా ఉండవన్న సంగతి మా దురదృష్టం.

మాది ధర్మవరం. కాలేజీ హిందూపురంలో. మధ్యలో పెనుకొండ. పొద్దున ప్యాసింజరెక్కితే అది ప్రతి రాయి దగ్గరా ఆగి, ఆలోచించుకుని, ఎదురొచ్చే ప్రతి ఎక్స్‌ప్రెస్సుకూ మర్యాదగా దారిచ్చి, మేము మొదటి క్లాసుకు అందకుండా జాగ్రత్తపడి హిందూపురం చేర్చేది. బీయస్సీలో మైక్రోబయాలజీ తీసుకున్నది ఆ శాస్త్రం మీద ప్రేమతోనే అని తర్వాతి రోజుల్లో చాలామందికి చెప్పాను. అసలు సంగతేమిటంటే, కంప్యూటర్ల కోర్సు కోసం నిలబడిన వరస తోక రైల్వే స్టేషను దాకా ఉండింది. మైక్రోబయాలజీ కిటికీ దగ్గర గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు (కొంచెం ఎక్కువ చెబుతున్నానేమో, కానీ లేచినట్టే గుర్తు). పెనుకొండలో రైలెక్కే మిత్రుడొకడు నాకు తోడయ్యాడు. వాళ్ళింట్లో వేరుశనగ తప్ప వేరే పంట ఎరగరు. వాడి ఏ జేబులో చెయ్యి పెట్టినా కాయలే కాబట్టి అందరం వాణ్ణి ‘శెనక్కాయ’ అనేవాళ్ళం. మాకు పాఠం చెప్పే మేడం పక్కా హిందూపురం మనిషి, తెలుగులో మొదలుపెట్టిన తిట్టును కన్నడంలో ముగించేది. ప్రయోగశాలలో ఆటోక్లేవ్ అని ఒక రాక్షస కుక్కరుంటుంది, గాజు సామాన్ల మీది సూక్ష్మజీవుల్ని ఆవిరితో చంపడానికి. లోపల పీడనం ఎంత పెరిగిందో చూపించే ముల్లు దానికుంటుంది. మా మేడానికి ఆ ముల్లు కూడా లేదు. అందుకని ఆమె పేరు ఆటోక్లేవ్ మేడం.

ఇంటి సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు ఉండేవి, అంటే నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు వదిలి కూర్చుని నేసేవి. ఒకదాంట్లో నాయన. రెండోది మా తాతది. తాత పోయాక అది ఖాళీగా, పడుగు లేకుండా, నా వైపే చూస్తూ ఉండేది. రంగులద్దేవాళ్ళు ఊళ్ళో వీధికొకరున్నా నాయన ఎవర్నీ నమ్మేవాడు కాదు, తన పట్టుకు తనే రంగు కాచుకునేవాడు. ఆరిన పట్టు తీసుకుని, తెల్లటి పంచె కొంగు నీళ్ళలో తడిపి, దాని మీద ఒక్క రుద్దు రుద్దేవాడు. ఆ క్షణంలో ఇంట్లో పొయ్యి మీద అన్నం కూడా ఉడకడం ఆపేది. కొంగు తెల్లగానే వస్తే అమ్మ మళ్ళీ ఊపిరి పీల్చేది. ఏ మూలైనా చీమ కన్నంత రంగు అంటిందా, ఇక ఆ పూట మా ఇంట్లో ఎవరో పోయినంత నిశ్శబ్దం. పక్కింటివాళ్ళు పలకరించడానికి వచ్చేవాళ్ళేమో కూడా, కానీ నాయన తలుపేసేసేవాడు. నేను ఉగ్గుపాలతో నేర్చుకున్నది ఒకటే: వేసిన రంగు పోకూడదు.

ఇట్లాంటి ఇంట్లో పుట్టినవాడి చేతికి గ్రామ్ స్టెయినింగ్ అప్పగించారు. అది మా శాస్త్రంలో మొదటి మెట్టు. గాజుపలక మీద బాక్టీరియాను పలుచగా పూసి, దీపం సెగకు ఆరబెట్టి, దాని మీద ఊదారంగు పొయ్యాలి. తర్వాత అయోడిన్. అప్పుడు స్పిరిట్ పోసి కడగాలి. కొన్ని జాతులు ఎంత కడిగినా ఊదారంగును వదలవు. కొన్ని వదిలేస్తాయి. వదిలేసినవి మన కళ్ళకు కనబడాలి కదా, అందుకని చివర్లో ఎర్రరంగు పోస్తే అవి గులాబీగా తేలతాయి. ఊదా అయితే ఒక వంశం, గులాబీ అయితే ఇంకో వంశం. ఇంతే. చిన్నపిల్లలు కూడా చెయ్యగలరు, ధర్మవరం పిల్లలు తప్ప. ఎందుకంటే స్పిరిట్ పొయ్యగానే ఊదారంగు పలక మీదినుంచి జారి తొట్టిలోకి ధారగా పోతుంది. ఆ ధార చూస్తే నా గుండె జారిపోయేది. రంగు పోతోంది! ఎవరైనా చూస్తే! నా ప్రమేయం లేకుండానే నా చెయ్యి చటుక్కున పలకను కుళాయి కింద పెట్టేసేది. ఇంకేముంది, రంగు వదలాల్సిన జాతులు కూడా వదిలే అవకాశం దొరక్క ఊదాగానే ఉండిపోయేవి. మూడేళ్ళలో నా చేతిలో పడిన ఒక్క బాక్టీరియా కూడా గులాబీ కాలేదు. కుళాయి నీళ్ళవి, మురిక్కాలవవి, శెనక్కాయ గోళ్ళ కిందివి, అన్నీ ఊదాయే.

“ఏనప్పా, నీ కైయల్లి ఏమైనా మహిమ ఉందా?” అని మేడం మైక్రోస్కోపు మీదినుంచి తల ఎత్తకుండానే అరిచేది. “లోకంలో ఉండే బాక్టీరియా అంతా నీ స్లైడు మీదికొచ్చి ఊదా అయిపోతాయా? కడుగప్పా! స్పిరిట్ ఏమైనా మీ ఇంట్లోనుంచి తెచ్చినావా? రంగు పోతుందని భయమా నీకు?”

“అవును మేడం,” అన్నాను నిజాయితీగా. ఆ తర్వాతి వాక్యం పూర్తిగా కన్నడంలో వచ్చింది.

శెనక్కాయ మాత్రం దీన్ని కళగా గుర్తించాడు. “నీ చేతికి ఏనుగునిచ్చినా ఊదా రంగేసి ఇస్తావు కదబ్బా,” అనేవాడు. ఇంట్లో ఇంకా ఎక్కువ గౌరవం దక్కింది. ఒకసారి రంగేసిన పలకనొకదాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. నాయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఏమీ కనబడలేదు, ఒక ఊదా మరక తప్ప. అయినా ఆయన పద్ధతి ఆయనది. పంచె కొంగు తడిపి ఒక్క రుద్దు రుద్దాడు. కొంగు తెల్లగా వచ్చింది. నాయన ముఖం వెలిగిపోయింది.

“చూసినావామే?” అన్నాడు అమ్మతో. “వానికి చెయ్యి ఉండాది. మగ్గమెక్కితే మా నాయనంతోడయితాడు.”

మగ్గం పక్కన గోడకానుకుని కూర్చున్న అవ్వ కళ్ళు చికిలించింది. “దీనిమింద ఏముండాదిరా?”

“పురుగులవ్వా. కంటికి కనపడవు. దీని పేరేందో కనుక్కోవల్ల.”

“పేరు లేదా దానికి?”

“ఉండాది. మాకు చెప్పరు. మేమే కనుక్కోవల్ల. అదే పరీక్ష.”

అవ్వ నన్ను జాలిగా చూసింది. “పేరు కనుక్కోనీకి మూడేండ్లు సదవాల్నా? మనమే ఒగటి పెట్టేస్తే పాయె గదరా!”

చివరి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష దగ్గరకొచ్చింది. ఒక్కొక్కరికీ ఒక గొట్టంలో పేరు లేని బాక్టీరియా ఇస్తారు, రెండు రోజుల్లో దాని పేరు చెప్పాలి. హిందూపురంలో ఒక పాల డెయిరీవాళ్ళు తమ ప్రయోగశాలకు మనిషి కావాలని మేడాన్ని అడిగారట. “నీ గొట్టం సరిగ్గా చెప్పు, నిన్నే పంపిస్తా. ఊదా అన్నావంటే మాత్రం నా ముఖం చూడబేడ,” అందామె. నాకు తెల్లకోటు కళ్ళ ముందు ఆడింది. మా ఈడువాళ్ళంతా బూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చునే పనులకు పోతుంటే నేను గుంతలో కాళ్ళు పెట్టుకుని బతకాలా? ఆ మాట ఇంట్లో చెప్పాను, గుంత మాట మింగి, డెయిరీ మాట మాత్రం. అందరం అన్నాలు తింటున్నాం.

నాయన ముద్ద కలుపుతూ ఆగాడు. “సరే. నువ్వు గెలిచి పనిలో చేరితే తాత మగ్గం ఊడదీసేస్తా. ఊరికే యాల దాన్ని, ఇల్లు ఇరుకు. గెలవకుంటే మాత్రం ఆ మర్నాడే దాంట్లోకి దిగల్ల. మళ్ళీ మాట్లాడేది లేదు.”

“ఊడదీసి ఆడ ఏం పెడతావురా?” అంది అవ్వ.

“ఏమో. ఫ్రిజ్జు పెడతా.”

అవ్వ తాత మగ్గం వైపు ఒకసారి చూసి ముద్ద కలుపుకుంది. నేను మాత్రం ఆ రోజునుంచి తాత మగ్గాన్ని శత్రువును చూసినట్టు చూశాను. అది గెలుస్తుందా, నేను గెలుస్తానా అన్నదే నా లెక్క.

పరీక్ష మొదటి రోజు నా గొట్టంలో లేత గోధుమరంగు మీగడ లాంటిది ఇంత అంటుకుని ఉండింది. ఎంత అమాయకంగా ఉండిందంటే ఎవరూ అనుమానించరు. నేను భక్తిగా రంగు పోశాను, భక్తిగా కడిగాను (భక్తి ఎక్కువై తొందరగా ముగించాను). మైక్రోస్కోపులో చూస్తే పొట్టి కర్రపుల్లల్లాంటి ప్రాణులు, నిగనిగలాడే ఊదాలో. నాయన పంచె కొంగుకు కూడా అంటని ఊదా. తర్వాత వాటికి విందు ఏర్పాటు చేశాం. నాలుగు గొట్టాల్లో నాలుగు రకాల తిండి. పొద్దునకల్లా ఏ తిండిని ఎట్లా పాడుచేశాయో చూస్తే దొంగ ఎవరో తెలుస్తుందన్నమాట, వంటింట్లో గిన్నెలు చూసి పిల్లి వచ్చిందో ఎలుక వచ్చిందో చెప్పినట్టు. ఆ గొట్టాలన్నీ వెచ్చటి అలమరలో పెట్టి రైలెక్కాం. “ఊదానా?” అన్నాడు శెనక్కాయ. తలూపాను. వాడు ఒక కాయ ఒలిచి నా చేతిలో పెట్టాడు, పరామర్శకు వచ్చినవాడిలా.

మర్నాడు గొట్టాలు బయటికి తీసి మందు చుక్కలు వేశాను. మొదటిదాంట్లో పైన చెర్రీపండు రంగు ఉంగరం తేలింది. రెండోది ఎర్రబడింది. మూడోదాంట్లో ఏమీ లేదు. నాలుగోది ఆకుపచ్చగానే ఉండిపోయింది, అంటే ఆ తిండి వాటికి సయించలేదు. ఈ నాలుగు సాక్ష్యాలూ కలిపితే పుస్తకంలో పేరు ఒక్కటే: ఇ.కోలై. మన పేగుల్లోనే కాపురముండే పాత చుట్టం. చిక్కల్లా ఒకటే. ఇ.కోలై గులాబీ వంశం. నా పలక మీద ఉన్నది ఊదా. నాలుగు గొట్టాలు ఒకమాట మీద ఉన్నాయి, నా చెయ్యి ఒక్కటే ఇంకోమాట మీద ఉంది. గొట్టాలు అబద్ధమాడాయని రాస్తే మేడం ముఖం చూడకూడదు. నా చెయ్యి అబద్ధమాడిందని ఒప్పుకుంటే, ఇన్నేళ్ళుగా ఇంట్లో మెచ్చుకున్నది దేన్ని? కొత్త పలక తీసి మళ్ళీ పూశాను. ఊదా పోశాను. అయోడిన్ పోశాను. స్పిరిట్ సీసా ఎత్తాను. ఒక చుక్క పడగానే ఊదాధార మొదలైంది. నా చెయ్యి కుళాయి వైపు కదిలింది.

పక్క బల్ల దగ్గరినుంచి శెనక్కాయ తల వంచుకునే గొణిగాడు. “పొయ్యబ్బా, పొయ్యి! మీ నాయన ఈడ లేడు.”

కళ్ళు మూసుకుని పోశాను. రంగు పోయింది. ఇంకా పోశాను. ఇంకా పోయింది. మా నాయన, మా తాత, పేర్లు తెలియని మా ముత్తాతలు నిలబెట్టిన రంగంతా కలిసి ఆ పింగాణీ తొట్టిలోంచి హిందూపురం మురిక్కాలవలోకి పోతున్నట్టనిపించింది. కళ్ళు తెరిచేసరికి పలక మీద ఏమీ లేదు. తెల్లటి గాజు. ఎర్రరంగు పోసి, ఒక్క క్షణం ఆగి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గులాబీలు. పొట్టిపొట్టి గులాబీ పుల్లలు, పెళ్ళిపందిట్లో అక్షింతల మాదిరి చెల్లాచెదరుగా. మూడేళ్ళలో నేను చూసిన మొదటి గులాబీ. నాకు ఏడుపొచ్చింది. స్పిరిట్ ఘాటు అని అందరికీ చెప్పాను.

మేడం వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి, “ఇది నీదేనా?” అంది.

“నాదే మేడం.”

“పేరు?”

“ఇ.కోలై.”

“హూఁ,” అంది. తిట్టు రాలేదు, తెలుగులోనూ రాలేదు, కన్నడంలోనూ రాలేదు. “బాగా కడిగినావప్పా.” ఆమె నోట నేను విన్న ప్రశంస అదొక్కటే. తర్వాతి వారం డెయిరీలో చేరాను.

ఇంట్లో చెప్పిన రోజు అవ్వ మొదటి ప్రశ్న పురుగు గురించే. “ఏమి పేరంటివి?”

“ఇ.కోలై అవ్వా.”

“యాడుంటాది?”

“మన కడుపులోనే. పేగుల్లో.”

“మన కడుపులోదాని పేరు కనుక్కోనీకి హిందూపురం పోయినావా!”

నాయన నవ్వలేదు. “ఎట్ల గెలిచినావు?” అన్నాడు.

“రంగు పోగొట్టినా నాయనా. బాగా కడిగితేనే తెలుస్తాది.”

“పోగొట్టేది కూడా పనేనా?” అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని. అవునన్నాను. ఆయన “సరే, ఒక్కొక్క పనికి ఒక్కొక్క తీరు,” అని లేచి, సుత్తి వెతకడం మొదలుపెట్టాడు. మాట మాటే కదా. తాత మగ్గం ఊడడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్నేళ్ళూ నా వైపు గుడ్లురిమి చూసిన రాక్షసి, విప్పితే నాలుగు కొయ్యలు, కొన్ని తాళ్ళు. ఒక కొస నాయన పట్టుకుంటే ఇంకో కొస నేనే పట్టుకున్నాను, హుషారుగా. చేరడానికింకా గడువున్నా ఆ రోజు డెయిరీవాళ్ళిచ్చిన తెల్లకోటు తొడుక్కున్నాను కూడా, కొయ్యలు మోయడానికి ఎవరైనా తెల్లకోటు తొడుగుతారా? గుంత పూడ్చడానికి మట్టి తెచ్చాం. అవ్వ గోడ దగ్గరినుంచి లేచి వచ్చి గుంత అంచున కూర్చుంది.

“మీ తాత కాళ్ళు పెట్టిన తావురా ఇది,” అంది. “మన్ను మెల్లగా పొయ్యండి.”

మెల్లగానే పోశాం. నేను మాత్రం మనసులో గబగబా పోశాను.

అదే గెలుపు. ఇంత పెద్ద గెలుపు నా జీవితంలో మళ్ళీ రాలేదు. అందుకే దీన్ని తలుచుకున్నప్పుడల్లా విచారంగా ఎందుకుంటుందో నాకే సరిగ్గా తెలియదు. నాయనకు ఏ విచారమూ లేదు. తన మగ్గం కూడా కొన్నేళ్ళకు దించేసి మాతోబాటు హిందూపురం వచ్చేశాడు. వీధరుగు మీద కూర్చుని “మావాడు పాలల్లో పురుగు పేరు సూస్తానే చెప్పేస్తాడు” అని పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ ఆపి చెబుతాడు. ఆయన చెప్పే లెక్క ప్రకారం ఈ జిల్లాలో పాలు తాగి బతికున్నవాళ్ళంతా నా చలవే. విచారమంతా నాకే మిగిలింది. ఆ రెండోరోజు నా చెయ్యి ఎప్పటి మాదిరే కుళాయి వైపు పోయి ఉంటే ఏమయ్యేది? ఊదా అని రాసేవాణ్ణి, ఓడిపోయేవాణ్ణి, గుంతలోకి దిగేవాణ్ణి, రోజూ అందర్నీ తిట్టుకుంటూ నేసేవాణ్ణి. చాలా చెడ్డ నేతగాణ్ణి అయ్యేవాణ్ణి, అందులో అనుమానం లేదు. కానీ నాయనకు తెలిసిందేదో కొంచెమైనా నా వేళ్ళలోకి దిగి ఉండేది. ఒక్క చీరయినా, వంకరటింకరగా అయినా, నేసి ఉంటే బాగుండునని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అప్పుడు నాకు బూట్లు కావాలి.

ఈమధ్య కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి మా ఆవిడకు పట్టుచీర కావలసివచ్చి ఇద్దరం ధర్మవరం వెళ్ళాం. అంగట్లో పరుపు మీద కూర్చున్నాం. అంగడాయన, కుర్రతనం ఇంకా వదలని మనిషి, చీర మీద చీర విప్పి వేస్తున్నాడు. ఒక వంకాయరంగు చీర నా ఒళ్ళో పడింది. బరువుగా, చల్లగా ఉండింది. దాన్ని చేత్తో తడిమి, ఇన్నేళ్ళుగా నేను చూస్తున్న హిందూపురం పెద్దమనుషులు ఎట్లా అడుగుతారో అట్లాగే, అద్దాలు పైకి తోసుకుని అడిగేశాను.

“రంగు పోదు కదా?”

అన్న తర్వాత నా చెవులతో నేనే విన్నాను. మా ఆవిడ నా ముఖం చూసి, చీర అంచు చూస్తున్నట్టు తల దించుకుంది. అంగడాయనకు కోపం రాలేదు. నవ్వాడు.

“మీది యా ఊరు సార్?”

ఒక్క క్షణం ఆలోచించాను. “హిందూపురం,” అన్నాను.

“అదీ! ఈ ఊరోల్లు అట్ల అడగరు సార్, కొంగు తడిపి రుద్ది చూసుకుంటారు. మీకు తెలీదులే, తప్పేమి లేదు. చెప్తాండా చూడండి,” అని ఆయన చీర పక్కన పెట్టి, బాసిపట్లు వేసి కూర్చుని, గుంత మగ్గమంటే ఏమిటో, కాళ్ళు ఎక్కడ పెడతారో, పేకదారం మోసే నాడె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎట్లా పోతుందో, గాలిలో చేతులు ఆడిస్తూ మొదటినుంచీ ఓపికగా చెప్పాడు. బాగా చెప్పాడు. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా తలూపుతూ అంతా విన్నాను.

“అర్థమయిందా సార్?” అన్నాడు.

అయిందన్నాను.